రెండోది ఉంది

మా ఫైర్ స్టేషన్లో సైరను చెడిపోయిన ఏడాది, మూడు నెలలపాటు నన్నే సైరనుగా వాడుకున్నారు. వెటకారం కాదండి. ఫోన్ రాగానే నేను వరండాలోకొచ్చి ఒక్క కేక పెడితే చాలు, వెనక క్వార్టర్లలో స్నానం చేస్తున్నవాడు కూడా చెవుల్లో సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చేవాడు. మా లూథరన్ చర్చిలో క్వయరు మాస్టారు మాత్రం నన్ను పాడొద్దన్నాడు. అంత ఉత్సాహంగా ఉంటే కుర్చీలు సర్దమన్నాడు. దేవుడికి అక్కర్లేని గొంతు ప్రభుత్వానికి పనికొచ్చింది.

నా పేరు శాలేమురాజు. లీడింగ్ ఫైర్‌మన్‌ని. సొంతూరు రేపల్లె దగ్గర. చదివింది పదో తరగతి, అది కూడా రెండోసారికి గట్టెక్కాను. రాయడం నేర్చుకుంది ఉద్యోగంలోనే. ఏ గడ్డివాము కాలినా, ఏ కొట్టు తగలబడినా రిపోర్టు రాసేది నేనే. ఎలా అంటుకుంది, ఏం పోయింది, తప్పెవరిది... ఇరవై మూడేళ్లు రాశాను. ఏది రాయాలో కన్నా ఏది రాయకూడదో బాగా పట్టుబడింది. మా స్టేషన్ ఏ ఊళ్లో ఉందో చెప్పను. తెనాలికీ బాపట్లకీ మధ్య ఎక్కడో అనుకోండి. చెబితే మెమో ఇస్తారు. ఇప్పటికే నా దగ్గర నాలుగున్నాయి. నాలుగోది ఎందుకొచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ముందు ఒక సంగతి తెలియాలి. రైలు మీద మంటొస్తే మేం వెళ్లగానే నీళ్లు కొట్టం. కొట్టకూడదు. జనానికి అది తెలియదు. 'నీళ్లబండి పెట్టుకుని సినిమా చూస్తున్నార్రా' అని తిడతారు. ఓసారి ఒకాయన చెప్పు కూడా విసిరాడు, అది నా పొట్టకే తగిలింది, తప్పిపోయేంత చిన్న పొట్ట కాదు నాది. కానీ పైన ఇరవై అయిదు వేల వోల్టుల వైరుంటుంది. నీళ్లు కొడితే ఆ కరెంటు నీటిధార పట్టుకుని తిన్నగా మా చేతుల్లోకి దిగుతుంది. అందుకని స్టేషన్ మాస్టారు కంట్రోలుకి ఫోన్ చెయ్యాలి. వాళ్లు కరెంటు ఆపాలి. ఆపామని రాతలో ఇవ్వాలి. అంతటితో కూడా అయిపోదు. పక్క లైన్లో కరెంటు పారుతుంటే, ఆపేసిన వైరులోకి కూడా కొంత చేరుతుంది. చచ్చిందనుకున్న వైరులో ప్రాణం మిగిలే ఉంటుంది. దాన్ని నేలలోకి దించడానికి రైల్వే వాళ్లు పొడుగాటి ఎర్తు రాడ్లు రెండు తెస్తారు. పైన కొక్కెం వైరుకి తగిలిస్తారు, కింద కేబులు పట్టాకి క్లాంపుతో బిగిస్తారు. మేం పనిచేసే చోటుకి ఇటొకటి, అటొకటి. రెండూ ఉంటేనే బండి ఎక్కాలి.

మా స్టేషన్లో ఇంకో ఆచారం ఉంది. ఎప్పటి ఆఫీసరు పెట్టాడో గానీ మంచివాడు. ఎక్కేవాడు నిచ్చెన కింద నిలబడి 'ఒకటోది?' అని అడగాలి. మావాడొకడు ఆ రాడ్డు దాకా నడిచి, కొక్కెం చూసి, కింద క్లాంపు చేత్తో కదిపి, అప్పుడు 'ఒకటోది ఉంది' అని అరవాలి. తర్వాత రెండోది. అడక్కుండా జవాబు చెప్పకూడదు. జవాబు రాకుండా ఎక్కకూడదు. జవాబు వచ్చాక ఇంక ఎవరూ ఆపకూడదు, ఎక్కడమే. రెండో రాడ్డు ఎప్పుడూ దూరంగా ఉంటుంది. ఆ దూరం నుంచి వినపడాలంటే మా దగ్గర ఉన్నది ఒక్కటే గొంతు.

పోయినేడు కార్తీకమాసంలో వాయుగుండం పట్టింది. మా పరిధిలో ఓ చిన్న రైల్వే స్టేషను, దాంట్లో మూడో లైన్లో ఆగిన గూడ్సు బండి, ఓ పెట్టెలో పత్తి బేళ్లు. లోపల్లోపల రాజుకుంది. పైకి ఎక్కింది వరప్రసాదం.

వరప్రసాదానిది కర్లపాలెం. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. వాడి హెల్మెట్‌కి గడ్డం కింద పట్టీ తెగిపోయి రెండేళ్లు. కొత్తది కావాలని అయిదు సార్లు రాశాను, నేనే, నా చేత్తో. రాలేదు. చివరికి కూతురి స్కూలు రిబ్బను, ఆకుపచ్చది, పట్టీకి బదులు కుట్టుకున్నాడు. 'పెళ్లికూతురిలా ఉన్నాన్రా అన్నా' అనేవాడు. 'రా' అంటాడు, వెంటనే 'అన్నా' అంటాడు. మర్యాద, చనువు ఒకే గిన్నెలో కలిపేవాడు.

ఆ రోజు వాడు ఎక్కాడు. పొడుగాటి ఇనప కొక్కెంతో పెట్టె తలుపు పైభాగం లాగబోతే దాని కొస పైన వైరుకి తగిలింది. నేను పెద్ద చప్పుడొస్తుందనుకునేవాణ్ని అలాంటప్పుడు. రాలేదు. ఎవరో తడిగుడ్డ దులిపినంత చప్పుడు. అంతే.

విచారణకి పై నుంచి ఓ పెద్దసారు వచ్చాడు. బూట్లకి బురద అంటకుండా ప్లాట్‌ఫారం మీదే నిలబడి మొత్తం తేల్చేశాడు. రైల్వే వాళ్లు తమ కాగితంలో తమ తప్పు లేదని రాసుకున్నారు. మా వాళ్లు మా కాగితంలో మా తప్పు లేదని రాసుకోవాలి. ఇక మిగిలింది ఎవరు? కాగితం రాయలేనివాడు. 'అనుమతి కొరకు వేచియుండక, అత్యుత్సాహముతో పెట్టె పైకి ఎక్కినందున...' ఈ వాక్యం ఎంత శుభ్రంగా ఉందో చూడండి. రాసింది నేనే. పెద్దసారు మెచ్చుకున్నాడు, దస్తూరీ ముత్యాల్లా ఉందన్నాడు. నేను థాంక్సండి అన్నాను. ఇది గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఒక్క వాక్యం వల్ల ఏప్రిల్ పద్నాలుగున, మంటల్లో పోయినవాళ్ల పేర్లు చదివి దండలేసే రోజున, వరప్రసాదం పేరు చదవలేదు. తన తప్పుతో పోయినవాణ్ని ఆ వరసలో కలపరట. వాడి భార్య శోభారాణి కూతుర్ని తీసుకుని వచ్చి వెనక వరసలో కూర్చుంది. జాబితా అయిపోయాక కూడా కాసేపు కూర్చుంది, ఇంకో పేజీ ఉంటుందేమోనన్నట్టు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది తర్వాత చెబుతాను. కొంచెం ధైర్యం రావాలి.

ఈ ఏడు మళ్లీ కార్తీకం. మళ్లీ వాయుగుండం. మధ్యాహ్నం మూడున్నరకే లైట్లేశాం. డ్రైవరు చలపతిరావు ఎదురుకొట్టు నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. పొట్లం విప్పుతుండగా ఫోన్. అదే రైల్వే స్టేషన్. అదే మూడో లైను. గూడ్సు బండి. పత్తి.

చలపతిరావు నా వైపు చూడకుండా పొట్లం మడిచేశాడు.

మేం వెళ్లేసరికి పెట్టె సందుల్లోంచి పసుపుపచ్చ పొగ వస్తోంది. దాన్ని చూడగానే తెలుస్తుంది, లోపల నిప్పు తీరుబడిగా కూర్చుని తింటోందని. పక్క పెట్టెలకి అంటుకుంటే ఇంక బండంతా పోతుంది. స్టేషన్ మాస్టారు ఫోను పట్టుకుని అరుస్తున్నాడు. అటునుంచి 'ఆగండి' అంటున్నారు. నలభై నిమిషాలు ఆగాం. వానలో గొడుగులేసుకుని జనం తిడుతున్నారు. నిజానికి వాళ్లతో కలిసి నాకూ తిట్టాలనే ఉంది. నలభై నిమిషాలు! ఓ మీట నొక్కడానికి ఎన్ని కుర్చీలు దాటాలండి ఒక మాట?

చివరికి కాగితం వచ్చింది. రైల్వే వాళ్ల బండి వచ్చింది. తెనాలి వైపు మొదటి రాడ్డు తగిలించారు. మా ఆఫీసరు పూర్ణచంద్రరావు గారు స్వయంగా దాని దగ్గరికెళ్లారు. ఎక్కేది మార్కు. నలభై ఏళ్లవాడు, ఇద్దరాడపిల్లలు, నాలాగా ఎత్తంటే భయపడే రకం కాదు. రెండోది చూడాల్సింది నేను.

నేను నడిచాను. ఈసారి నిజంగా నడిచాను.

పట్టాల పక్క కంకర తడిసి కాలికింద జారుతోంది. ఎడమ చేతి పక్క గూడ్సు పెట్టెలు, ఒకదాని తర్వాత ఒకటి, నల్లగా, కిటికీల్లేకుండా. కుడి పక్క వరిచేలో నీళ్లు. నాలుగు పెట్టెలు దాటేసరికి వెనక జనం గోల వినపడ్డం మానేసింది. వాన చప్పుడు కూడా తగ్గింది. తగ్గడం కాదు, దూరమైంది. గదిలో తలుపు మూసుకుంటే బయటి వాన వినపడుతుందే, అలా.

పత్తి కాలితే కమురు వాసన వస్తుంది. ఇరవై మూడేళ్లుగా తెలిసిన వాసన. ఇక్కడ ఉన్నది అది కాదు. తడి ఖాకీబట్ట. దాని కింద... కాలిన వెంట్రుకలు.

పొగలో, స్తంభం పక్కన, ఒక మనిషి కనపడ్డాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి పొడుగాటి రాడ్డు పట్టుకున్నాడు. రైల్వే ఖలాసీ అనుకున్నాను. ఇంకా బిగించలేదేమో, చెయ్యి సాయం కావాలేమోనని దగ్గరికెళ్లాను.

"ఏంటన్నా, క్లాంపు పట్టలేదా?"

రాడ్డు చివర వైరుకి తగల్లేదు. జానెడు దూరంలో ఆగింది. అతని చేతులు వణకడం లేదు. అంత బరువు ఎత్తుకున్నవాడి చేతులు వణకాలి...

హెల్మెట్ చూశాను. మాది. రైల్వే వాళ్లది కాదు. చెవి పక్కనుంచి గడ్డం కిందికి ఒక రిబ్బను. తడిసి మెడకి అంటుకుంది. ఆకుపచ్చది.

నా కాళ్లు అక్కడే ఉండిపోయాయి. నేను ధైర్యంగా నిలబడ్డానని రాయొచ్చు. రిపోర్టయితే అలాగే రాసేవాణ్ని. పిల్లిని చూసినా పక్కకి తప్పుకునేవాణ్నండి నేను. కాళ్లు మాట వినలేదు, అంతే.

అతను తల తిప్పలేదు. గొంతు మాత్రం వచ్చింది. చాలా మెల్లిగా. నా చెవి పక్కనే.

"చూశావా అన్నా?"

అప్పుడు దూరం నుంచి, పొగ అవతల నుంచి, మార్కు అడగడం వినపడింది. "రెండోది?"

నేను నోరు తెరవలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను, నా పళ్లు కరుచుకుపోయి ఉన్నాయి.

నా వెనక నుంచి, పెట్టెల మీదుగా, నా గొంతు అరిచింది.

"రెండోది ఉంది!"

నాదే. మూడు నెలలు సైరనుగా పనిచేసిన గొంతు. చివర్లో కొంచెం చీలే తీరు కూడా నాదే. ఆ కేక నాకు తెలుసు. ఆ పలుకు, ఆ తొందర... అది ఇవాల్టి కేక కాదు. పోయినేటిది.

ఇప్పుడు చెప్పాలి ఆ సంగతి.

పోయినేడు నేను రెండో రాడ్డు దాకా నడవలేదు. వాన. బురద. మోకాళ్ల నొప్పి. మూడు పెట్టెలు దాటి ఆగిపోయాను. పొగలో ఏదో పొడుగ్గా నిలువుగా కనపడింది. రాడ్డే అనుకున్నాను. రైల్వే వాళ్లు కరెంటు పోయింది కానివ్వండని చెప్పారు కదా, ఇంక చూడ్డానికేముందిలే అనుకున్నాను. వరప్రసాదం అడిగాడు. నేను జవాబు చెప్పాను. పొగ తగ్గాక చూస్తే అది సిగ్నలు బోర్డు గొట్టం. వాడు అనుమతి కోసం ఆగాడు. అనుమతి ఇచ్చింది నేను. ఆగలేదని రాసింది కూడా నేనే.

పెద్దసార్ల మీద, కంట్రోలు మీద, రాని హెల్మెట్ పట్టీ మీద ఏడాదంతా నిప్పులు చెరిగాను. ఆ మంటంతా ఎవరి మీద పడకుండా అడ్డం పెట్టుకున్నానో మీకు ఇప్పుడు తెలిసింది.

పరుగెత్తాను. కంకర మీద పడ్డాను, లేచాను. మోచెయ్యి చీరుకుపోయింది. పొగలో నిచ్చెన కనపడుతోంది. మార్కు మూడో మెట్టు మీద... నాలుగో మెట్టు... చేతిలో పొడుగాటి ఇనప కొక్కెం. 'దిగు' అని అరవబోయాను. నోరు తెరుచుకుంది. గాలి వచ్చింది. గొంతు రాలేదు. 'మార్కూ' అనబోయాను. లేదు. 'ఆగు.' లేదు. నా గొంతు నా దగ్గర లేదు. నా వెనకే ఉంది. మళ్లీ అరిచింది, ఈసారి ఇంకా దగ్గరగా, కోపంగా.

"రెండోది ఉంది!"

మార్కు కొక్కెం పెట్టె మీదికి విసిరి, పై మెట్టు అందుకున్నాడు.

ఒక్క మాట మిగిలింది నాలో. దానికోసం వెతకలేదు. అదే వచ్చింది.

"ఆ రోజు నేను చూళ్లేదు!"

వచ్చింది. స్టేషనంతా మోగేలా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద జనం నోళ్లు మూశారు. మార్కు మెట్టు మీద ఆగి నా వైపు తిరిగాడు. పూర్ణచంద్రరావు గారు మొదటి రాడ్డు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చారు. నేను ఆ మాటే మళ్లీ అన్నాను. ఆ రోజు నేను చూళ్లేదు, వరప్రసాదం అడిగాడు, చూడకుండానే ఉందన్నాను, ఇవాళ అక్కడ రాడ్డు లేదు, దిగు, మార్కూ దిగు.

మార్కు దిగాడు. వాడి కాలు నేలకి ఆనిన తర్వాత, పెట్టె మీద వాడు వదిలేసిన కొక్కెం వాలుగా జారింది. దాని కొస లేచి వైరుకి తగిలింది. చిన్న నీలం మెరుపు. తడిగుడ్డ దులిపినంత చప్పుడు.

కాసేపటికి చలపతిరావు నా మోచేతికి గుడ్డ కడుతూ గొణిగాడు. "రెండుసార్లు అరిచావు రాజూ. పంపు దగ్గర నాకే వినపడింది."

రైల్వే వాళ్లని అడిగాం. రెండో రాడ్డు క్లాంపు విరిగి ఉందట, ఇంకోటి తేవడానికి తమ బండి దగ్గరికి వెనక్కి వెళ్లారట. స్తంభం దగ్గర మనిషిని పెట్టలేదట. వాళ్లు అది తెచ్చి తగిలించారు. ఈసారి నలుగురం వెళ్లి క్లాంపు కదిపి చూశాం. ఆరు గంటలకి మంట ఆర్పాం.

ఆ రాత్రే నాలుగు పేజీలు రాశాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి కొట్టివేతలతో రాశాను. నిజం రాయడం నాకు అలవాటు లేక దస్తూరీ కోడి గీసినట్టు వచ్చింది. ఆదివారం కర్లపాలెం వెళ్లి శోభారాణి చేతిలో పెట్టాను. ఆమె గుమ్మంలోనే నిలబడి నాలుగు పేజీలూ చదివింది. ఏడవలేదు. నన్ను కూర్చోమనలేదు. తిడుతుందని చూశాను, తిట్టినా బాగుండేది. కాగితాలు మడిచి నా జేబులో ఆమే పెట్టింది.

"నాకెందుకిచ్చారండి ఇది? ఎక్కడ అబద్ధం రాశారో అక్కడికే తీసుకెళ్లి ఇవ్వండి, అన్నయ్యగారూ. ఏప్రిల్లో మళ్లీ వస్తాను. వెనక వరసలోనే కూర్చుంటాను."

మర్నాడే పైకి పంపాను. పూర్ణచంద్రరావు గారు సంతకం పెట్టి, ఉద్యోగం పోవచ్చునయ్యా అన్నారు. పోనివ్వండి అన్నాను. పోతుందనే ఆశ కూడా ఉంది నాకు. శిక్ష వేస్తే కనీసం చదివారని తెలుస్తుంది.

పద్దెనిమిది రోజులకి తిరిగొచ్చింది. నా నాలుగు పేజీలు, మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ఒకటే వాక్యం. 'ముగిసిన విచారణ. తిరిగి తెరవనవసరం లేదు.' కింద పిన్ను పెట్టి నాకో మెమో. ఘటనా స్థలంలో అసంబద్ధంగా కేకలు వేసి సిబ్బందిని భయపెట్టినందుకు. అబద్ధం చెప్పినందుకు మెచ్చుకున్నారు, నిజం అరిచినందుకు సంజాయిషీ అడిగారు. ఆ ఎర్ర సిరా ఎవరిదో నాకు తెలియదు. ఎవరిదైనా, వాడు మా నిచ్చెన ఒక్క మెట్టు కూడా ఎక్కి ఉండడు.

అది నిన్న.

ఇవాళ మధ్యాహ్నం మూడున్నర. వాన వెలిసింది గానీ ఆకాశం ఇంకా దిగులుగానే ఉంది. చలపతిరావు బజ్జీలు తెచ్చాడు. మేం నలుగురం వరండాలో కూర్చున్నాం. మెమో నా జేబులో ఉంది. నా నోట్లో సగం బజ్జీ ఉంది. పూర్ణచంద్రరావు గారు నాకు ఉప్పు ఎక్కువైందని చెబుతున్నారు. మార్కు నవ్వుతున్నాడు.

వెనక డ్రిల్లు చేసుకునే ఆవరణలోంచి నా గొంతు అరిచింది.

"మూడోది ఉంది!"

మార్కు నవ్వు ఆగిపోయింది. చలపతిరావు నా నోటి వైపు చూశాడు. నిండుగా ఉన్న నోటి వైపు.

రాడ్లు రెండే. మూడోది ఎప్పుడూ లేదు. ఏ రైల్వేలోనూ, ఏ ఆచారంలోనూ లేదు.

"అడిగిందెవరు?" చలపతిరావు గుసగుసగా అన్నాడు.

నలుగురం ఇక్కడే ఉన్నాం. స్టేషన్లో ఇంకెవరూ లేరు. అడక్కుండా జవాబు చెప్పకూడదు...

వెనక్కి వెళ్లి చూశాం. డ్రిల్లు టవరు గోడకి నిచ్చెన ఆనించి ఉంది. పొద్దున దాన్ని బండి మీద కట్టింది నేనే. అప్పుడే మార్కు ముడి కూడా లాగి చూశాడు.

జవాబు వచ్చాక ఇంక ఎవరూ ఆపకూడదు. అది మేం పెట్టుకున్న రూలే.

మేం చూస్తుండగా, కింది మెట్టు కిర్రుమంది.